పనామా కాలువ - దోమల మీద విజయం

భూపటంలో ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలు కలిసే చోటు చూచినట్లయితే, అక్కడి భూమి సన్నని నడుమువలె కనిపిస్తుంది. అదే పనామా భూసంధి. దానికి ఒకవైపు అట్లాంటిక్ మహాసముద్రంలో భాగమైన కరిబియన్ సముద్రమూ, రెండవవైపు పసిఫిక్ మహాసముద్రమూ ఉన్నవి. ఈ భూసంధిని ఖండించి త్రవ్విన కాలువ పొడవు సుమారు 80 కిలోమీటర్లు. 1914 ఆగస్టు 15వ తేదీన 'ఆంకన్' అనే ఓడ ఈ దారిన ప్రయాణం చేసి కాలువను ప్రారంభించింది. అంతకు పూర్వం న్యూయార్కు నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు పోదలచిన ఓడ దక్షిణ అమెరికా కొననంతా చుట్టి రావలసి ఉండేది. కాలువ వల్ల ఆ ప్రయాణంలో సుమారు 12,500 కిలోమీటర్లు తగ్గింది.

ఈ కాలువను గురించి చెప్పేటప్పుడు కొండలను తొలిచిన ఆవిరి యంత్రాలను, ఓడలను మెట్టు మెట్టుగా పైకెత్తే లాకులను వర్ణించటం పరిపాటి. అవి వర్ణించదగినవే. కాని అవే కొండలను త్రవ్వటానికి అంతకు ముందు ఒక గొప్ప ప్రయత్నం జరిగి, విఫలమై, వేలాది మంది ప్రాణాలను బలిగొన్నది. ఆ వైఫల్యానికి గల ముఖ్య కారణాలలో ఒకటి గోరంత ప్రాణి అయిన దోమ. రెండవసారి పని సాగటానికి కారణం, ఆ మధ్య కాలంలో దోమను గురించి మనిషి నేర్చుకొన్న జ్ఞానం. ఆ జ్ఞానంలో ఒక ముఖ్యభాగం మన సికిందరాబాదులో పుట్టింది.

రైలుదారి నాటి అనుభవం

కాలువకు ముందు పనామాలో రైలుదారి వేశారు. 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికినదన్న వార్త వ్యాపించగానే వేలకొలది జనం పనామా మీదుగా ఆ దిక్కుకు పరుగులెత్తారు. వారి కోసం 1850లో మొదలుపెట్టిన రైలుదారి 1855లో పూర్తి అయింది. దాని పొడవు 76 కిలోమీటర్లు మాత్రమే. అయినా అయిదేండ్లు పట్టింది. చిత్తడి నేలలలో, మోకాటిలోతు బురదలో పనిచేసిన కూలీలు చలిజ్వరంతోను, కలరాతోను, పీతజ్వరంతోను కుప్పకూలిపోయారు. ఐర్లండు, చైనా, వెస్టిండీస్ దీవులు మొదలైన అనేక ప్రదేశాల నుండి వారిని తెచ్చారు. ఎంతమంది చనిపోయినదీ ఎవరూ సరిగా లెక్క వ్రాసి ఉంచలేదు.

ఈ దారిలో ఒక్కొక్క స్లీపరుకు ఒక్కొక్క మనిషి చనిపోయినాడని ఒక వాడుక ఉన్నది. విద్యార్థులు దీనిని చిన్న లెక్కతో పరీక్షించవచ్చు. 76 కిలోమీటర్ల దారికి, రెండడుగుల కొకటి చొప్పున వేసినా, లక్షకు పైగా స్లీపర్లు కావాలి. అక్కడ పనిచేసిన వారందరినీ కూడినా అంత సంఖ్య రాదు. కనుక ఇది అతిశయోక్తి. కాని ఇట్లాంటి మాట పుట్టిందంటేనే అక్కడి మరణాలు జనం మనస్సులలో ఎట్టి భయాన్ని నాటినవో ఊహించుకోవచ్చును.

ఫ్రెంచివారి ప్రయత్నం

1869లో సూయజ్ కాలువను పూర్తిచేసి లోకవిఖ్యాతి పొందిన ఫెర్డినాండ్ ద లెస్సెప్స్ పనామాను కూడ అట్లాగే త్రవ్వగలనని నమ్మాడు. 1881లో ఫ్రెంచి కంపెనీ పని ప్రారంభించింది. సూయజ్ వద్ద ఉన్నది చదునైన ఇసుక నేల. అక్కడ వాన అరుదు. పనామాలో ఉన్నవి కొండలు, అడవులు, ఏటి వరదలు, ఏడాదిలో ఎనిమిది నెలల వాన. ఈ తేడాను లెస్సెప్స్ సరిగా గుర్తించలేదు.

కంపెనీ పని పర్యవేక్షించటానికి వచ్చిన ప్రధాన ఇంజనీరు జూల్ డింగ్లర్ కథ హృదయ విదారకమైనది. తన కుటుంబాన్ని వెంటపెట్టుకొని 1883లో పనామా వచ్చిన ఆయన, 1884 మొదలు ఏడాది కాలంలోనే కూతురిని, కొడుకును, కాబోయే అల్లుడిని, చివరకు భార్యను పోగొట్టుకొన్నాడు. ఇంత జరిగినా ఆయన కొంతకాలం పనిలోనే ఉండి, తరువాత భగ్న హృదయంతో ఫ్రాన్సుకు తిరిగిపోయాడు.

ఫ్రెంచివారు వైద్యాన్ని నిర్లక్ష్యం చేశారనుకోరాదు. పనామా నగరం ప్రక్కన ఆంకన్ కొండ మీద చక్కని ఆస్పత్రి కట్టారు. క్రైస్తవ సన్యాసినులు ఎంతో ఓర్పుతో రోగులకు సేవచేశారు. ఆస్పత్రి చుట్టూ అందమైన పూలతోట పెంచారు. అక్కడి ఆకు కోత చీమలు మొక్కలను తినివేయకుండ ప్రతి మొక్క చుట్టూ నీరు నింపిన మట్టి పళ్ళెం అమర్చారు. చీమలు మంచాల మీదికి ఎక్కకుండ మంచం కోళ్ళ క్రింద నీటి గిన్నెలు పెట్టారు. మన ఇండ్లలో పాలగిన్నెకు, ఉట్టికి ఇట్లాంటి ఉపాయమే చేస్తారు. కాని ఆ పళ్ళెములలోని నిలువ నీటిలోనే పీతజ్వరపు దోమలు గ్రుడ్లు పెట్టి పెరిగినవి. కిటికీలకు జాలి తెరలు లేవు. వేరే జబ్బుతో ఆస్పత్రిలో చేరిన వాడు అక్కడే పీతజ్వరం తగిలి చనిపోవటం మామూలయింది. మంచి మనస్సుతో చేసిన ఏర్పాటే మృత్యువుకు పొదిగిల్లు అయింది. ఆనాటి శాస్త్రానికి ఈ సంగతి తెలియదు.

ఆస్పత్రిలో రోగికి రోజుకు ఇంత అని గుత్తేదారులు చెల్లించవలసి ఉండేది. ఆ డబ్బు మిగుల్చుకోవటానికి జబ్బుపడిన కూలీని పనిలో నుండి తొలగించివేసిన గుత్తేదారులు ఉన్నారు. అట్టివారు దారి ప్రక్కన, గుడిసెలలో మరణించారు. ఆస్పత్రి లెక్కలలో కనిపించే మరణాలు అయిదు వేలకు పైగా మాత్రమే. బయట మరణించిన వారిని కూడ కలుపుకొని మొత్తం సుమారు 22,000 మంది చనిపోయి ఉంటారని తరువాత వైద్యాధికారులు అంచనా వేశారు. 1889లో కంపెనీ దివాలా తీసింది. యంత్రాలు అడవిలో త్రుప్పుపట్టినవి.

దోమ సంగతి ఎట్లా తెలిసింది?

ఫ్రెంచివారు పని మొదలుపెట్టిన 1881లోనే, క్యూబా దేశంలోని హవానా నగరంలో కార్లోస్ ఫిన్లే అనే వైద్యుడు పీతజ్వరాన్ని ఒక జాతి దోమ వ్యాపింపజేస్తున్నదని ప్రకటించాడు. ఆయన చెప్పిన జాతి సరియైనదే. దానినే ఇప్పుడు ఈడిస్ ఈజిప్టై అంటున్నారు. కాని ఆయన ప్రయోగాలు నిస్సందేహంగా రుజువు చేయలేకపోయినవి. దాదాపు ఇరవై ఏండ్లు ఆయన మాటను ఎవరూ లెక్కచేయలేదు. మురికి వల్ల, కుళ్ళు వాసనల వల్ల, చిత్తడి నేలల నుండి లేచే విషపు గాలి వల్ల జ్వరాలు వస్తవని అందరూ నమ్మేవారు.

ఈలోగా మలేరియా రహస్యం బయటపడింది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగి రక్తం త్రాగిన ఒక దోమ కడుపును చీల్చి సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. మలేరియా రోగుల రక్తంలోని పరాన్నజీవులలో ఉండే నల్లని రేణువుల వంటివే దోమ కడుపు గోడలోని గుండ్రని కణాలలో ఆయనకు కనిపించినవి. అది ఎనాఫిలిస్ జాతి దోమ. మలేరియా పరాన్నజీవి దోమ శరీరంలో పెరుగుతుందనటానికి అది మొదటి సాక్ష్యం. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పరిశోధించి, పరాన్నజీవి దోమ కడుపు నుండి దాని లాలాజల గ్రంథులకు చేరి, కాటుతోపాటు మరొక ప్రాణిలో ప్రవేశిస్తుందని రాస్ నిరూపించాడు. అదే కాలంలో ఇటలీ శాస్త్రజ్ఞులు మనిషి మలేరియాను ఎనాఫిలిస్ దోమలు వ్యాపింపజేస్తవని చూపారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం లభించింది. ఆయన పరిశోధన చేసిన బేగంపేట భవనం నేటికీ హైదరాబాదులో ఉన్నది.

రాస్ పరిశోధనతో తృప్తిపడలేదు. దోమలను అణచటానికి ఊరూరా దళాలను ఏర్పరచాలని బోధించాడు. సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న ఇస్మాయిలియా పట్టణం మలేరియాతో క్షీణిస్తూ ఉండగా, 1902లో ఆయన సలహాపై గుంటలు పూడ్చి, కాలువలను సరిచేశారు. రెండు మూడేండ్లలోనే అక్కడ మలేరియా చాలవరకు తగ్గిపోయింది.

పీతజ్వరం సంగతి 1900లో తేలింది. అమెరికా సైన్యం నియమించిన వాల్టర్ రీడ్ సంఘం క్యూబాలో ఫిన్లే ఇచ్చిన దోమ గ్రుడ్లతోనే ప్రయోగాలు ప్రారంభించింది. సంఘ సభ్యులలో ఒకడైన జెస్సీ లాజియర్ దోమకాటుతో పీతజ్వరం సోకి 1900 సెప్టెంబరులో మరణించాడు. తరువాత రెండు గదులతో చేసిన పరీక్ష చాల ప్రసిద్ధమైనది. ఒక గదిలో పీతజ్వర రోగులు వాడిన మురికి దుప్పట్లు, బట్టలు పరచి వాటిపై కొందరు స్వచ్ఛందంగా పడుకొన్నారు. ఆ గదిలోనికి దోమలు రాకుండ చేశారు. వారిలో ఒక్కరికీ జ్వరం రాలేదు. రెండవది పరిశుభ్రమైన గది. దాని మధ్య సన్నని జాలి కట్టి ఒక భాగంలో రోగులను కుట్టిన దోమలను వదిలారు. ఆ భాగంలోని మనిషికి జ్వరం వచ్చింది. జాలికి ఆవల ఉన్నవారికి రాలేదు. మురికికి, పీతజ్వరానికి సంబంధం లేదని దీనివల్ల స్పష్టమైంది.

మరొక ముఖ్యవిషయం కూడ తెలిసింది. రోగిని జ్వరం వచ్చిన మొదటి మూడు రోజులలో కుట్టిన దోమకే వ్యాధి అంటుతుంది. ఆ తరువాత సుమారు పన్నెండు రోజులు గడిస్తేగాని ఆ దోమ ఇతరులకు వ్యాధిని అంటించలేదు. కనుక రోగిని మొదటి రోజుననే దోమతెర క్రిందికి చేర్చి, అతని ఇంటిలోని దోమలను పన్నెండు రోజులు గడవకముందే చంపివేస్తే, వ్యాధి గొలుసు తెగిపోతుంది. ఈ సూత్రం ప్రకారం హవానాలో పనిచేసి, 1901లో ఆ నగరంలో పీతజ్వరాన్ని రూపుమాపినవాడు విలియం గోర్గాస్ అనే సైనిక వైద్యుడు. ఆయనకు పడుచు వయస్సులోనే పీతజ్వరం వచ్చి తగ్గింది. ఒకసారి వచ్చినవారికి అది మరల రాదు.

1905 నాటి భయోత్పాతం

1904 మే నెలలో అమెరికా ప్రభుత్వం కాలువ పనిని తీసుకొన్నది. ఆరోగ్యశాఖ అధిపతిగా గోర్గాస్ వచ్చాడు. ఆయన చేతిలో శాస్త్రజ్ఞానం ఉన్నది. డబ్బు, సామగ్రి మాత్రం లేవు. కాలువ కమిషన్ అధ్యక్షుడైన అడ్మిరల్ వాకర్ దోమల సిద్ధాంతాన్ని నమ్మలేదు. చెత్త ఎత్తించి, ఇండ్లకు సున్నం వేయిస్తే చాలునని కమిషన్ భావించింది. జాలి తెరలకై గోర్గాస్ పంపిన అర్జీలు కాగితాల కట్టలలో ఆగిపోయినవి.

అప్పటికి పనామాలో పీతజ్వరం దాదాపు కనిపించకపోవటం కూడ అధికారులను ఏమరుపాటులో పడవేసింది. ఇది తెలుసుకోదగిన విషయం. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి చిన్ననాటనే తేలికగా జ్వరం వచ్చి, వ్యాధిని తట్టుకొనే శక్తి ఏర్పడేది. క్రొత్తవారు రాకపోతే వ్యాధికి అంటుకొనటానికి మనుష్యులే దొరకరు; అది నివురుగప్పిన నిప్పువలె అణగి ఉంటుంది. నిర్మాణం మొదలుకాగానే, ఎన్నడూ ఆ వ్యాధి ఎరుగని వారు వందలకొలదిగా వచ్చి దిగారు. నిప్పుకు ఎండుగడ్డి అందినట్లయింది. అనగా, అంటువ్యాధి నిర్మాణపు పనికి బయటినుండి వచ్చిపడిన అడ్డంకి మాత్రమే కాదు; ఆ పనికై ఒకచోట చేరిన జనమే దానికి ఆహారమైనారు.

1904 చివర జ్వరం తలయెత్తింది. 1905 ఏప్రిల్‌లో పరిపాలనా కార్యాలయంలోనే ప్రవేశించింది. ఆ భవనం కిటికీలకు జాలులు లేవు. ఉత్తరాలకు నకళ్ళు తీసే కుంచెలను తడపటానికి బల్లల మీద పెట్టుకొన్న నీటి గిన్నెలలోనే దోమలు పెరుగుతున్నట్లు తరువాత కనుగొన్నారు. పెద్ద ఉద్యోగులు చనిపోవటంతో భయం మిన్నుముట్టింది. ఓడ రాగానే అందులో చోటు కోసం జనం ఎగబడ్డారు. అమెరికా ఉద్యోగులలో సుమారు నాలుగింట మూడువంతుల మంది దేశం విడిచిపోయారు. జూన్‌లో ప్రధాన ఇంజనీరు వాలెస్ కూడ రాజీనామా ఇచ్చాడు. ఆ నెలలో 62 మందికి పీతజ్వరం సోకింది. ఫ్రెంచివారి కథ మరల జరుగబోతున్నదని అందరూ అనుకొన్నారు.

క్రొత్త కమిషన్ అధ్యక్షుడు గోర్గాస్‌ను తొలగించాలని సిఫారసు చేశాడు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ తన మిత్రుడైన వైద్యుని సలహా అడిగాడు. కాలువ కావాలంటే గోర్గాస్‌ను నిలుపుకొని, అతడు కోరినదెల్ల ఇవ్వాలని ఆ వైద్యుడు చెప్పాడు. రూజ్వెల్ట్ ఆ మాట విన్నాడు.

పని ఆపి, పనిని నిలబెట్టుట

1905 జూలైలో క్రొత్త ప్రధాన ఇంజనీరుగా జాన్ స్టీవెన్స్ వచ్చాడు. ఆయన రైలుదారులు వేయటంలో చేయి తిరిగినవాడు. త్రవ్వకం వేగంగా సాగాలని అమెరికాలో పత్రికలు, రాజకీయ నాయకులు గొడవ చేస్తూ ఉండగా, ఆయన అందుకు విరుద్ధంగా ఆగస్టులో త్రవ్వకాన్నే ఆపివేశాడు. ముందు మనుష్యులకు ఇండ్లు, మంచినీరు, మంచి తిండి, దోమల నుండి రక్షణ కల్పించాలి. ఆ తరువాతనే మట్టి తీయాలి అన్నది ఆయన నిశ్చయం. యంత్రాలపై పనిచేసే మనుష్యులను గోర్గాస్‌కు అప్పగించాడు. ఒక దశలో నాలుగు వేలమందికి పైగా ఆరోగ్యశాఖ పనిలోనే ఉన్నారు.

పీతజ్వరపు దోమ అడవిలోనిది కాదు, ఇంటి దోమ. అది పగటిపూట కుడుతుంది. మురుగులో కాక తేట నీటిలో, అనగా గోలెములలో, తొట్లలో, పీపాలలో, పగిలిన కుండపెంకులలో నిలిచిన వాననీటిలో గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్డు నుండి రెక్కల దోమ రావటానికి సుమారు పది రోజులు చాలు. పనామా నగరంలో కుళాయిలు లేవు కనుక ప్రతి ఇంటిలోను వాననీరు నిలువ చేసుకొనేవారు. కాబట్టి గోర్గాస్ పద్ధతి ఇట్లా నడిచింది.

మొదట నగరంలోని ప్రతి ఇంటిని తనిఖీదారులు చూచి వచ్చేవారు. తొట్లకు మూతలు, జాలులు పెట్టించారు. నిలువనీటిపై కిరసనాయిలు చల్లించారు. దోమ డింభకం నీటిలో పెరిగినా, దానికి గాలి కావాలి. తోక చివరనున్న గొట్టాన్ని నీటి ఉపరితలానికి తెచ్చి ఊపిరి పీలుస్తుంది. నీటిపై నూనె పొర ఉంటే ఆ గొట్టం మూసుకొనిపోయి డింభకం చనిపోతుంది. తరువాత ఇండ్ల సందులన్నింటికి కాగితాలు అంటించి, లోపల గంధకం గాని, ఒక జాతి చేమంతి పూలనుండి తీసే పైరెథ్రమ్ పొడి గాని కాల్చి పొగపెట్టారు. ఒకసారి కాదు, నగరమంతటా మరల మరల పెట్టారు. ఈ యుద్ధానికి 120 టన్నుల పైరెథ్రమ్ పొడి, 300 టన్నుల గంధకం ఖర్చయినవి. రోగి కనబడగానే అతనిని జాలిగదిలోనికి చేర్చటం, అతడు అంతకు ముందు ఎక్కడెక్కడ మసలినదీ విచారించి ఆ ఇండ్లకు పొగపెట్టటం నియమమైంది. అన్నిటికన్న శాశ్వతమైన పని మంచినీటి సరఫరా. 1905 జూలైలో పనామా నగరానికి గొట్టాల ద్వారా నీరు వచ్చింది. కుళాయి వచ్చిన తరువాత గోలెముల అవసరం తగ్గింది. గోలెము పోగానే దోమకు పురుటిల్లు పోయింది.

ఫలితం ఆశ్చర్యకరం. జూన్‌లో 62 ఉన్న రోగుల సంఖ్య ఆగస్టులో 27కు, సెప్టెంబరులో 7కు దిగింది. 1905 నవంబరు 11వ తేదీన పనామా నగరంలో చివరి పీతజ్వర మరణం జరిగింది. శవపరీక్ష గదిలో గోర్గాస్ తన తోటి వైద్యులను పిలిచి, ఆ శవాన్ని బాగుగా చూచుకొమ్మనీ, అట్టిది మరొకటి వారికి కనిపించదనీ చెప్పినట్లు ప్రసిద్ధి. ఆ నగరం విషయంలో ఆయన మాట నిజమైంది.

మలేరియాతో ఎడతెగని పోరాటం

పీతజ్వరం భయంకరమైనది గనుక పత్రికల కెక్కింది. కాని పనిని నిత్యమూ కుంటుపరచింది మలేరియా. 1906లో కాలువ పనిలో 26,000 మందికి పైగా ఉండగా, వారిలో 21,000 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు మలేరియాతో ఆస్పత్రిలో చేరినవారే.

మలేరియా దోమ స్వభావం వేరు. ఎనాఫిలిస్ ఆరుబయట గడ్డి మొలిచిన గుంటలలో, నెమ్మదిగా పారే కాలువల అంచులలో, బండి చక్రాల గాడిలో నిలిచిన నీటిలో సహితం పుడుతుంది. త్రవ్వకం పనే ఇట్టి గుంటలను రోజురోజుకు క్రొత్తగా సృష్టిస్తుంది. అడవినంతా ఎండబెట్టటం అసాధ్యం. కాబట్టి గోర్గాస్, ఆయన ముఖ్య తనిఖీ అధికారి లె ప్రిన్స్ ఒక హద్దు నిర్ణయించుకొన్నారు. కార్మికుల ఊళ్ళకు 200 గజాల లోపల, విడి ఇండ్లకు 100 గజాల లోపల నీరు నిలువకుండ చేయటం వారి లక్ష్యం. దోమ ఎండలో, గాలిలో చాటు లేకుండ ఎక్కువ దూరం ఎగురదు. కనుక ఆ హద్దులోపలి పొదలను, అడుగుకు మించి పెరిగిన గడ్డిని కోసివేశారు. మురుగు కాలువలు తీశారు. ఎండిపోని చోట నూనె పోశారు. నూనె పొర నిలువని గడ్డి అంచులలో కార్బాలిక్ ఆమ్లం, గుగ్గిలం, కాస్టిక్ సోడా కలిపి కాచిన మందు చల్లారు. ఇండ్లకు జాలులు బిగించారు. లోపలికి దూరిన దోమలను గుడారాలలోను, పాకలలోను మనుష్యులే వెదకి పట్టి చంపారు. కోరినవారికి కొయినా ఉచితంగా ఇచ్చారు.

ఈ ఆరేడు ఉపాయాలలో ఏ ఒక్కటీ తనంతట తాను చాలదు. ఒకదాని కంత నుండి జారిపోయిన దోమను మరొకటి ఆపింది. మలేరియా పూర్తిగా పోలేదు. కాని 1906 నవంబరులో ఉద్యోగులలో వేయింటికి 11.59 చొప్పున ఉన్న మలేరియా మరణాల రేటు 1909 డిసెంబరుకు 1.23కు తగ్గింది. 1912లో పనివారి సంఖ్య 50,000 దాటినా, మలేరియాతో ఆస్పత్రికి వచ్చినవారు సుమారు 5,600 మాత్రమే. ఆస్పత్రి పడకల మీద ఉండవలసిన చేతులు కొండల మీద పనిచేసినవి. కులెబ్రా కొండల కోత పూర్తి కావటంలో ఈ అంకెల పాలు యంత్రాల పాలుకు తీసిపోదు.

మరచిపోరాని లోపం

ఇంత గొప్ప విజయంలో ఒక మచ్చ ఉన్నది. దానిని దాచితే చరిత్ర అసమగ్రమవుతుంది. కాలువ త్రవ్వినవారిలో అధిక సంఖ్యాకులు వెస్టిండీస్ నుండి వచ్చిన నల్లజాతి కార్మికులు. ఒక్క బార్బడోస్ దీవి నుండే సుమారు 20,000 మందిని కూలికి తెచ్చారు. జీతాల పట్టీలు రెండు. శ్వేతజాతి అమెరికనులకు 'బంగారు పట్టీ', నల్లవారికి 'వెండి పట్టీ'. ఇండ్లు వేరు, భోజనశాలలు వేరు. బంగారు పట్టీవారికి జాలులు బిగించిన మంచి ఇండ్లు దొరికినవి. వెండి పట్టీవారిలో కొందరు క్రిక్కిరిసిన బారకులలో ఒకరి ప్రక్కన ఒకరు పడుకొన్నారు. చాలమంది బయట అద్దె కొట్టాలలో తలదాచుకొన్నారు. వానలో తడిసిన బట్టలను ఆరబెట్టుకొనే చోటు లేక అట్లాగే పడుకొని, మరునాడు అవే తొడుగుకొని పనికి పోయేవారు.

వారిని ఎక్కువగా చంపింది దోమ కాదు, న్యూమోనియా. ఇది దగ్గు, తుమ్ము తుంపరల ద్వారా మనిషి నుండి మనిషికి అంటుతుంది. 1906లో నల్లజాతి కార్మికుల మరణాల రేటు శ్వేతజాతివారి రేటుకు మూడు రెట్ల దాకా ఉండేది. కార్మికులు భార్యాబిడ్డలతో వేరువేరు గుడిసెలు వేసుకొని బారకులు వదలిన తరువాత న్యూమోనియా తగ్గినదని గోర్గాస్ గమనించాడు. గుడిసె బారకుకన్న గట్టి కట్టడం కాదు. కాని అందులో ఒకరి ఊపిరి నలభైమందికి అందదు. ఈ అనుభవాన్నే ఆయన 1913లో దక్షిణాఫ్రికా బంగారు గనుల యజమానుల ఆహ్వానంపై అక్కడికి వెళ్ళినప్పుడు బోధించి, కూలీలను పెద్ద బారకులలో కుక్కవద్దని సలహా ఇచ్చాడు.

అమెరికా పాలనలోని పదేండ్లలో వ్యాధుల వల్ల, ప్రమాదాల వల్ల మరణించినవారు 5,609 మంది. వారిలో సుమారు 4,500 మంది వెస్టిండీస్ వారే. ఫ్రెంచివారి కాలంతో పోలిస్తే ఇది ఎంతో తక్కువ. అయినా రక్షణ అందరికీ సమానంగా అందలేదని ఈ అంకెలు చెప్పక చెబుతున్నవి.

మన కాలానికి దీని సందేశం

పీతజ్వరపు వైరస్‌ను 1927లో వేరుచేశారు. 1937లో మాక్స్ థీలర్ దానికి టీకా తయారుచేసి 1951లో నోబెల్ బహుమానం పొందాడు. అడవికోతులలో ఆ వైరస్ నిలిచి ఉన్నందువల్ల వ్యాధి భూమిమీద నుండి పూర్తిగా పోలేదు. ఆనాటి ఈడిస్ దోమే నేడు మన ఊళ్ళలో డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేస్తున్నది. మూతలేని తొట్టి, పనిచోట నీరు నిలిచిన గుంట, నాడు పనామాలో ఎంత ప్రమాదమో నేడు ఇక్కడా అంతే.

2020లో కొవిడ్ ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు నిర్మాణపు పనులకు మరల పనామా సమస్యే ఎదురైంది. సింగపూరులో విదేశీ కార్మికులు వసతిగృహాలలో ఒక్కొక్క గదికి అనేకులు చొప్పున ఉండేవారు. భారతదేశం నుండి వెళ్ళినవారు వారిలో చాలమంది. ఆ ఏడాది ఏప్రిల్ నుండి వ్యాధి ఆ గదులలో దావానలంలా వ్యాపించి, డిసెంబరు నాటికి వసతిగృహాల వారిలో సగానికి దగ్గరగా సోకినట్లు తేలింది. అక్కడి భూగర్భ రైలుమార్గాల పనులు సహితం నెలల తరబడి ఆగినవి. తరువాత కార్మికులను చిన్న చిన్న జట్లుగా విడదీసి, ఒక జట్టు మరొక జట్టుతో కలవకుండ చేసి, తరచు పరీక్షలు జరిపి, పనులు క్రమంగా మొదలుపెట్టారు. మన దేశంలో 2020 మార్చిలో పనులు నిలిచిపోగానే వలస కూలీలు స్వగ్రామాలకు పోవటానికి ఆరాటపడ్డారు. వారి కోసం నడిపిన మొదటి ప్రత్యేక రైలు మే 1వ తేదీన మన లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయలుదేరింది. 1905లో పనామా రేవులో ఓడకై ఎగబడినవారి భయమూ, వీరి భయమూ ఒకటే. పరాయి చోట, తమ ప్రాణానికి పూచీపడేవారు లేరని తోచినప్పుడు ఎవరైనా ఇంటి దారే చూస్తారు.

కొవిడ్‌కు దోమతెర పనికిరాదు. పీతజ్వరానికి ముఖానికి కట్టే గుడ్డ పనికిరాదు. కనుక పనామా నుండి మనం నేర్చుకోవలసినది ఫలానా మందు, ఫలానా పొగ అని కాదు. వ్యాధి ఏ దారిన వస్తున్నదో ముందు నిశ్చయంగా తెలుసుకోవాలి. తెలిసిన తరువాత, పనిని కొన్నాళ్ళు ఆపి అయినా సరే, ఆ దారిని మూయాలి. ఆ రక్షణ ప్రధాన ఇంజనీరు బంగళా దగ్గర ఆగిపోకుండ, చివరి కూలీ పడుకొనే చాప దాకా చేరాలి. మొదటి రెండు పనులు గోర్గాస్, స్టీవెన్స్ చేసి చూపారు. మూడవది వారు సగంలో విడిచిపోయారు. దానిని పూర్తిచేయటం తరువాతి తరాల వంతు.